ఆనంద రంగ పిళ్ళై

ఆనంద రంగ పిళ్ళై (1709 - 1761) 18వ శతాబ్దమునందు పుదుచ్చేరిలోని ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ వద్ద ముఖ్య దుబాసీగా పనిచేసిన వర్తకుడు. 1736 సెప్టెంబరు 6 మొదలుకొని మరణకాలం వరకు దాదాపు పాతికేళ్ళపాటు ఈయన తమిళములో వ్రాసుకొన్న దినచర్య వలన చరిత్రలో నిలిచిపోయాడు. వ్యాపారపు లెక్కలు, ఇంటి సంగతులు, ఓడల రాకపోకలు, గవర్నరుతో జరిగిన సంభాషణలు, యుద్ధవార్తలు అన్నీ కలగలిసిన ఈ వ్రాతలు కర్ణాటక యుద్ధాలను ఒక భారతీయుని కంటితో చూపే అరుదైన ఆధారము. తెలుగు ఛందశ్శాస్త్ర గ్రంథమైన ఆనందరంగరాట్ఛందమునకు కృతిపతి కావడం చేత తెలుగు సాహిత్య చరిత్రలో కూడ ఈయన పేరు వినిపిస్తుంది.

==కుటుంబము==

ఆనంద రంగ పిళ్ళై 1709 మార్చి 30న మద్రాసు సమీపములోని పెరంబూరులో జన్మించాడు. ఆ గ్రామం ఇప్పుడు చెన్నై నగరములో కలిసిపోయింది. వీరు యాదవ కులస్థులు, వైష్ణవులు. తండ్రి తిరువెంగడ పిళ్ళై పేరున్న వర్తకుడు. ఆయనకు బావ వరుస అయిన నైనియప్ప పిళ్ళై పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వద్ద ముఖ్య దళారిగా ఉండేవాడు. ఆ రోజులలో కంపెనీలకు మాట తెలిసిన మనిషి, సరుకు తెలిసిన మనిషి, పూచీ పడగల మనిషి ఒక్కడే కావలసి వచ్చేది. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయినది. అయితే దుబాసీ పని కేవలం మాటలు మార్చి చెప్పడం కాదు. నేతగాండ్రకు బయానాలు ఇప్పించుట, నాణ్యత చూచుట, కులపెద్దల తగవులు గవర్నరుకు విన్నవించుట, నవాబుల కొలువులకు ఉత్తరాలు నడుపుట ఇవన్నీ ఆయన మీదనే ఉండేవి.

నైనియప్ప పిలుపు మీద తిరువెంగడ పిళ్ళై కుటుంబముతో పుదుచ్చేరికి తరలివెళ్ళాడు. కాని అక్కడ వారికి ఎదురైనది మేలు కాదు.

==నైనియప్ప వ్యవహారము==

ఆనంద రంగ పిళ్ళై జీవితాన్ని అర్థం చేసికొనడానికి ఆయన బాల్యములో జరిగిన ఈ సంఘటన తెలిసి ఉండడం అవసరము. 1716లో గవర్నరు ఎబేర్ నైనియప్పను నిర్బంధించాడు. పట్టణములో అలజడి రేపినాడనీ, ప్రజలను పీడించినాడనీ నేరారోపణలు చేశారు. నైనియప్ప హిందువుగా ఉంటూ అంత పెద్ద పదవిలో ఉండడం కొందరు జెసూట్ పాదిరీలకు గిట్టలేదు. ఆ స్థానం క్రైస్తవునికి దక్కాలని వారు చాలాకాలముగా కోరుతున్నారు. తిరువెంగడ పిళ్ళైకి కూడ చెరసాల తప్పలేదు. విచారణలో సాక్షులు తమిళములో చెప్పినదానిని ఫ్రెంచిలోకి మార్చి వ్రాసి, ఆ భాష రానివారి చేతనే చేవ్రాళ్ళు చేయించారు. తాము దేనిక్రింద సంతకం పెట్టామో తమకే తెలియదని పలువురు తరువాత చెప్పుకొన్నారు.

నైనియప్పకు బజారులో బహిరంగముగా కొరడా దెబ్బలు, జైలు, జరిమానా, దేశబహిష్కారము విధించారు. 1717లో ఆయన చెరలోనే మరణించాడు. ఆయన కుమారులు, మిత్రులు పట్టు విడువక ఫ్రాన్సు దాకా ఫిర్యాదు తీసుకొని వెళ్ళారు. ఆ శిక్ష అన్యాయమని అక్కడ తేలినది. ఎబేరుకు పదవి పోయింది. నైనియప్ప పెద్దకొడుకు గురువప్ప స్వయముగా ఫ్రాన్సుకు వెళ్ళి, అక్కడ క్రైస్తవ మతం స్వీకరించి, సెయింట్ మిషెల్ వీరుడన్న బిరుదును పొంది తిరిగివచ్చి, 1722లో ముఖ్య దుబాసీ అయ్యాడు. రెండేళ్ళు తిరగకముందే, 1724లో, గతించాడు. ఆ పదవి కనకరాయ మొదలి అనే కేథలిక్ క్రైస్తవునికి వెళ్ళింది. ఈయన కుటుంబము అంతకు ముందు నుంచే ఫ్రెంచివారి కొలువులో ఉన్నది. పట్టణములోని ఈ రెండు ఇండ్ల నడుమ పోటీ ఆ తరువాత చాలా ఏళ్ళు సాగింది.

ఈ విషయాలు జరుగుతున్నప్పుడు ఆనంద రంగడు ఏడెనిమిదేండ్ల బాలుడు. పరభాషలో వ్రాసిన కాగితం ఒక ఇంటిని ఎట్లా కూల్చగలదో ఆ పిల్లవాడు చూచాడు. పెద్దవాడైన తరువాత ఆయన తన రోజువారీ సంగతులను తన భాషలో, తన వద్దనే ఉంచుకొనే పుస్తకాలలో అంత ఓపికగా వ్రాసుకొనడానికి ఇదే కారణమని ఆయన ఎక్కడా చెప్పలేదు. అయినను చదువరికి ఆ రెంటినీ కలిపి చూడకుండా ఉండుట కష్టము.

==వర్తకము==

1726లో తండ్రి మరణించాడు. గవర్నరు లెనువార్ ఆనంద రంగ పిళ్ళైని పరంగిపేటలోని ఫ్రెంచి వర్తకస్థానానికి అధిపతిగా నియమించాడు. అప్పటికాయన వయస్సు ఇరవై ఏండ్లు నిండలేదు. దక్షిణ ఆర్కాటు తీరములోని ఈ రేవు అద్దకపు బట్టలకు, నేతకు పేరుపడినది. అక్కడి పని చక్కబెట్టిన తరువాత ఆయన స్వంత సొమ్ముతో ఆర్కాటు, లాలాపేట వంటి చోట్ల కొట్లు నెలకొల్పి ఐరోపా సరుకులు అమ్ముతూ, స్థానిక సరుకులు కొంటూ వ్యాపారం విస్తరింపజేశాడు. పోక, బట్ట, నీలి అద్దకం ఆయన వ్యాపారములో ముఖ్యమైనవి. ఆనందప్పురవి అనే స్వంత ఓడ ఒకటి ఆయనకు ఉండేది.

బట్టల వ్యాపారం నడిచిన తీరును కొంచెం చెప్పుకుంటే దినచర్యలోని లెక్కలు బోధపడతాయి. ఫ్రాన్సు నుంచి ఓడలు వెండి తెచ్చేవి. ఆ వెండితో కంపెనీ వర్తకులకు ముందుగా బయానా ఇచ్చేది. వర్తకులు దానిని ఊళ్ళలోని సాలెవారికి పంచేవారు. నేసిన గుడ్డ తిరిగి పుదుచ్చేరికి చేరిన తరువాత నమూనాతో పోల్చి చూచి, తక్కువ రకమును వేరుచేసి, చలవ చేయించి, కొన్నింటికి నీలి రంగు అద్దించి మూటలు కట్టేవారు. ఓడ ఆలస్యమైతే వెండి లేదు, వెండి లేకపోతే బయానా లేదు, బయానా లేకపోతే మగ్గం ఆగిపోతుంది. యుద్ధకాలములో ఈ గొలుసు అంతా తెగిపోయేది. ఓడ కనబడిన దినమున ఆయన కోట మీద పేల్చిన ఫిరంగుల సంఖ్యతో సహా వ్రాసుకొన్నాడంటే అందులో వేడుక కన్న వ్యాపారమే ఎక్కువ.

ఆయన భార్య పేరు మంగత్తాయి. తమ్ముని పేరు కూడ తండ్రి పేరే, తిరువెంగడ పిళ్ళై. ఈ తమ్ముని కుమారుడే తరువాతి కాలములో పెదతండ్రి వ్రాతను కొనసాగించాడు.

==దినచర్య==

దినచర్య నల నామ సంవత్సరములో మొదలై విక్రమ నామ సంవత్సరములో ముగుస్తుంది. మన పంచాంగములలో ఉండే ఆ అరువది సంవత్సరాల పేర్లతోనే, తమిళ మాసములతోనే ఆయన తేదీలు వేసుకొన్నాడు. ఆంగ్లానువాదకులు ప్రతి తేదీనీ ఐరోపా లెక్కలోకి మార్చవలసి వచ్చింది. దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. 1752 వరకు ఆంగ్లేయులు పాత పంచాంగమునే అనుసరించారు, ఫ్రెంచివారు కొత్తదానిని. రెంటికీ 11 దినముల తేడా. అందువలన మద్రాసు ఫ్రెంచివారికి లొంగిన దినము ఫ్రెంచి లెక్కలో 1746 సెప్టెంబరు 21, ఆంగ్లేయుల లెక్కలో సెప్టెంబరు 10. విద్యార్థులు రెండు పుస్తకాలలో రెండు తేదీలు చూచి తికమకపడుట సహజమే, రెండూ ఒప్పే.

ఈ దినచర్యను ఆయన ప్రచురణ కోసం వ్రాయలేదు. వర్తకులు వాడే పెద్ద చిట్టా పుస్తకాలలో, వాక్యాలను విడదీయకుండా, మాట్లాడే తమిళములో వ్రాసుకొంటూ పోయాడు. ఆ భాషలో పారశీక, పోర్చుగీసు, ఫ్రెంచి పదాలు కలిసిపోయి ఉంటాయి. ఒకే పుటలో గవర్నరుతో ఏకాంతముగా జరిగిన మాట, పోక ధర, ఒకరింటి పెండ్లి, జాతకములోని గ్రహస్థితి, దివాలా తీసిన షావుకారు సంగతి వరుసగా వస్తాయి. పెద్దది, చిన్నది అన్న తారతమ్యం కనిపించదు. వాస్తవానికి దీని విలువ అందులోనే ఉన్నది. కంపెనీ రికార్డులలో తీర్మానాలు ఉంటాయి. తీర్మానానికి ముందు వరండాలో ఎవరెవరు ఏమి గుసగుసలాడుకొన్నారో పిళ్ళై పుస్తకాలలో ఉంటుంది.

1743లో కొందరు పల్లెటూరి మనుషులను మోసగించి ఎత్తుకువచ్చి, బానిసలుగా ఓడలకు అమ్ముతున్న ముఠా పట్టుబడిన సంగతి ఇందులో నమోదయింది. 1745లో క్రైస్తవ దేవాలయములో అగ్రకులాలవారిని, అంటరానివారిగా చూడబడినవారిని వేరుచేసే గోడ గురించి జరిగిన తగవు కూడ ఉన్నది. సాంఘిక చరిత్ర వ్రాసేవారికి నవాబుల యుద్ధాల కంటె ఇటువంటి పుటలే ఎక్కువగా ఉపయోగపడుతున్నాయి.

అట్లని ఈ వ్రాతలను ఉన్నవి ఉన్నట్లు నమ్మరాదు. పిళ్ళై తన ప్రత్యర్థులను ఎక్కడా మెచ్చుకోడు. కనకరాయ మొదలి గురించి, ఆయన తరువాత పదవికి పోటీపడినవారి గురించి చేదుగా వ్రాశాడు. గవర్నరు తనను పొగిడిన మాటలను మాత్రం పూసగుచ్చినట్లు వ్రాసుకొన్నాడు. తన కులం, తన హోదా, తన జాతకబలం మీద ఆయనకు గట్టి నమ్మకము. ఒక వ్యక్తి తనను గూర్చి తాను చెప్పుకొన్న మాటలుగానే వీటిని తీసుకొని, ఫ్రెంచి, ఆంగ్ల రికార్డులతో పోల్చి చూడాలి.

==డూప్లే కాలము==

డూప్లే 1742లో గవర్నరుగా పుదుచ్చేరికి వచ్చాడు. కనకరాయ మొదలి 1746 ఫిబ్రవరిలో మరణించాడు. అప్పటికే పిళ్ళై డూప్లేకు కుడిభుజముగా ఉన్నా, ముఖ్య దుబాసీ పదవిని వెంటనే ఆయనకు ఇవ్వలేదు. ఆ స్థానములో క్రైస్తవుడే ఉండాలన్న పాత వాదము మళ్ళీ లేచింది. పని ఆయన చేస్తూనే ఉన్నాడు, పేరు మాత్రము కొంతకాలానికి గాని రాలేదు. గవర్నరు భార్య జాన్ డూప్లే ఆయనకు ప్రధాన ప్రతికూలురాలు. ఆమె ఈ దేశములోనే పుట్టి పెరిగిన స్త్రీ, తమిళం వచ్చు, స్వంత వేగులవారు ఉండేవారు. తన భర్తకు, ఈ దేశస్థులకు మధ్య తానే దుబాసీగా ఉండాలని ఆమె కోరిక. దినచర్యలో ఆమె మీద వ్రాసిన మాటలలో కోపము, భయము రెండూ కనిపిస్తాయి.

1746లో లా బూర్దొనే నౌకాదళముతో వచ్చి మద్రాసును పట్టుకొన్నాడు. సొమ్ము తీసుకొని పట్టణాన్ని తిరిగి ఆంగ్లేయులకు ఇచ్చివేయాలని అతడు, ఉంచుకోవాలని డూప్లే పట్టుబట్టారు. ఆ అక్టోబరులో వచ్చిన పెనుతుఫానులో లా బూర్దొనే ఓడలు దెబ్బతిన్నవి. అతడు వెళ్ళిపోయాడు, మద్రాసు డూప్లేకు మిగిలింది. పిళ్ళైకి మద్రాసు పుట్టిన ఊరు వంటిది. అక్కడి వర్తకులను పుదుచ్చేరికి రప్పించే ప్రయత్నాలు, వారు రాకుండా సాకులు చెప్పడాలు దినచర్యలో విపులముగా ఉన్నాయి.

1748 ఆగస్టులో ఆంగ్ల నౌకాధిపతి బోస్కవెన్ పుదుచ్చేరిని ముట్టడించాడు. అక్టోబరులో వానలు ముదిరి, అతని సైన్యము రోగాలతో క్షీణించి ముట్టడి ఎత్తివేశారు. అయితే ఆ ముట్టడి దినాలలోనే, విభవ నామ సంవత్సరములో, పట్టణములోని ప్రాచీన వేదపురీశ్వరాలయాన్ని ఫ్రెంచివారు కూలగొట్టారు. ఆ ఆలయం జెసూట్ల చర్చి పక్కనే ఉండేది. దానిని తొలగించాలని పాదిరీలు అనేక దశాబ్దాలుగా కోరుతూ ఉన్నారు. అంతకు ముందు గవర్నర్లు ప్రజలు ఊరు విడిచిపోతారనే భయముతో వెనుకాడారు. యుద్ధసమయములో ఎవరూ ఎదిరించలేరని గ్రహించి ఈసారి పని పూర్తిచేశారు. దినచర్యలో ఈ పుటలు అన్నిటికన్న బరువైనవి. పిళ్ళై దుఃఖాన్ని దాచుకోలేదు, నిందను గవర్నరు భార్య మీద, పాదిరీల మీద మోపాడు, కులపెద్దలలో ఐకమత్యం లేకపోవడాన్ని ఎత్తిచూపాడు. కాని ఆయన స్వయముగా గవర్నరును ఎదిరించి నిలువలేదు. హిందువులలో అందరికన్న పెద్ద పదవిలో ఉన్నవాడు ఆ రోజున తన పదవిని పణముగా పెట్టి ఉండవలసినదని అన్నవారున్నారు. నైనియప్ప గతి కండ్లారా చూచినవాడు అంతకన్న చేయగలిగినది లేదని అన్నవారూ ఉన్నారు. ఈ ప్రశ్నకు సమాధానము ఏదైనా, ఆయన తనకు అపకీర్తి తెచ్చే సంగతిని కూడ చింపివేయకుండా అలాగే ఉంచాడన్నది గమనింపదగినది.

ఆ తరువాతి మూడేండ్లు ఆయన వైభవానికి శిఖరము. 1749లో ఆంబూరు యుద్ధములో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ మరణించాడు. ఫ్రెంచివారి అండతో చందా సాహెబు కర్ణాటకానికి, ముజఫర్ జంగ్ దక్కను సుబాకు హక్కుదారులుగా నిలిచారు. ముజఫర్ జంగ్ పిళ్ళైకి 3000 గుర్రాల మన్సబును, బిరుదులను ఇచ్చాడు. చెంగల్పట్టు కోట, దాని జాగీరు ఆయనకు దక్కాయి. మేళతాళాలతో పల్లకిలో గవర్నరు భవన ప్రాంగణము వరకు వెళ్ళుటకు, బంగారు పొన్ను కర్రను ధరించుటకు, గవర్నరు సముఖములో పాదరక్షలతో నిలుచుటకు ఆయనకు అనుమతి ఉండేది. ఈ మర్యాదలు ఈనాటి వారికి చిల్లరగా కనిపించవచ్చును. ఆనాటి పట్టణములో ఒక వర్తకుని అప్పు పుట్టే శక్తి వీటిమీదనే ఆధారపడి ఉండేది.

==తెలుగువారితో సంబంధము==

దినచర్య వ్రాయబడిన కాలము తెలుగు సీమకు కూడ కీలకమైనది. మచిలీపట్నము, యానాము ఫ్రెంచివారికి బట్టలు పంపే రేవులు. 1750లో మచిలీపట్నము వారి వశమైనది. ఆ సంవత్సరము డిసెంబరులో నిజాము నాసిర్ జంగును జింజీ సమీపములో కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ చంపాడు. ముజఫర్ జంగ్ పుదుచ్చేరిలో సుబేదారుగా పట్టం కట్టించుకొని, ఫ్రెంచి సేనాని బుస్సీతో హైదరాబాదు వైపు బయలుదేరాడు. 1751 ఫిబ్రవరిలో కడప సీమలో రాయచోటి ప్రాంతమున కర్నూలు, కడప నవాబులతో జరిగిన పోరులో అతడు కూడ హతుడయ్యాడు. బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగును నిజాముగా నిలబెట్టి ముందుకు సాగాడు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కడానికి, తరువాత 1757లో బొబ్బిలి యుద్ధం జరగడానికి ఈ మార్పులే దారితీశాయి. పిళ్ళైకి బిరుదులిచ్చిన ప్రభువు ఆ బిరుదులు పాతబడక మునుపే రాయలసీమ కొండల నడుమ మరణించాడన్న మాట.

ఆయన ఇంట కవిపండితులకు ఆదరణ ఉండేది. తెలుగులో కస్తూరి రంగకవి లక్షణచూడామణి అను ఛందోగ్రంథాన్ని ఆయనకు అంకితం చేశాడు. ఇది కృతిపతి పేరుమీద ఆనందరంగరాట్ఛందముగానే ప్రసిద్ధి చెందినది. రంగకవి సాంబనిఘంటువును కూడ రచించినవాడు. సంస్కృతములో శ్రీనివాసకవి 1752లో ఆనందరంగ చంపువును వ్రాశాడు. ఇందులో పిళ్ళై వంశచరిత్రతో పాటు కర్ణాటక యుద్ధ విశేషాలు కూడ ఉండడం వలన చరిత్రకారులు దీనిని పరిశీలిస్తారు. తమిళములో త్యాగరాజ దేశికర్ ఆయనపై ఒక కోవై ప్రబంధము చెప్పాడు. తమిళుడైన వర్తకుడు, ఫ్రెంచి కొలువు, అంకితం పొందినది తెలుగు లక్షణగ్రంథం - ఆనాటి దక్షిణదేశములో ఇది వింత కాదు. తంజావూరు, మదుర నాయక రాజుల కాలము నుంచి తమిళ దేశములో తెలుగు కవిత్వానికి ఉన్న గౌరవమే దీనికి కారణము.

==పదవి కోల్పోవుట, మరణము==

1754లో ఫ్రెంచి ప్రభుత్వము డూప్లేను వెనుకకు పిలిపించింది. ఆయన స్థానములో వచ్చిన గోదెహ్యూ ఆంగ్లేయులతో సంధి చేసికొన్నాడు. యుద్ధకాలములో కౌలుకు తీసికొన్న భూముల ఆదాయము, బాకీలు, అప్పులు అన్నీ ఇప్పుడు లెక్క తేల్చవలసి వచ్చాయి. గవర్నరు లేరి 1756లో అనారోగ్యము చేత పని సరిగా చూడలేకపోతున్నాడనే కారణముపై పిళ్ళైని ముఖ్య దుబాసీ పదవి నుంచి తొలగించాడు. ఆయనకు ఆరోగ్యం నిజముగానే బాగుండలేదు. దినచర్యలో చివరి సంవత్సరాల పుటలు పలుచబడతాయి.

1758లో లాలీ సేనానిగా వచ్చిన తరువాత ఫ్రెంచివారికి ఒక్కొక్కటిగా ఓటములు ఎదురైనవి. 1758 డిసెంబరులో గోదావరి సీమలోని చందుర్తి వద్ద, 1759లో మచిలీపట్నములో, 1760 జనవరిలో వందవాసి వద్ద ఓడిపోయారు. ఆంగ్లేయులు పుదుచ్చేరిని చుట్టుముట్టారు. పట్టణములో తిండికి కరువు వచ్చింది. 1761 జనవరి 16న పుదుచ్చేరి లొంగిపోయింది. ఆ జనవరిలోనే, పట్టణం పతనమవుతున్న దినాలలోనే ఆనంద రంగ పిళ్ళై కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. తరువాత ఆంగ్లేయులు కోటను, తెల్లవారి పేటను నేలమట్టము చేశారు.

==దినచర్య పుస్తకాల చరిత్ర==

ఈ పుస్తకాలు అంత విధ్వంసములో కూడ నిలిచాయి. వాటిని కాపాడినది ఏ ప్రభుత్వమూ కాదు, ఆయన కుటుంబము. దాదాపు 85 సంవత్సరాలు అవి ఆ ఇంటిలోనే, బయటివారికి తెలియకుండా ఉండిపోయాయి. 1846లో గల్వా-మోంబ్రన్ అనే పుదుచ్చేరి ఫ్రెంచి ఉద్యోగి వాటి ఉనికిని కనుగొని నకలు తీయించాడు. కొద్ది సంవత్సరాలకే ఆరియెల్ అనే మరొక ఉద్యోగి, తమిళ గ్రంథాల మీద మక్కువ గలవాడు, ఇంకొక నకలు తయారుచేశాడు. అది పారిస్ లోని జాతీయ గ్రంథాలయానికి చేరింది. 1748 ముట్టడికి సంబంధించిన భాగాన్ని లోద్ 1870లో ఫ్రెంచిలో ప్రకటించాడు. జూలియెన్ విన్సన్ 1894లో మరికొన్ని భాగాలను అనువదించాడు.

1892లో పుదుచ్చేరిలోని బ్రిటిషు కాన్సులర్ ఏజెంటు ద్వారా మద్రాసు ప్రభుత్వానికి ఈ దినచర్య సంగతి తెలిసింది. ఆ ప్రభుత్వము తన కోసము నకలు వ్రాయించుకొని, ఆంగ్లములోకి అనువదింపజేసింది. మొదటి సంపుటము 1904లో, పండ్రెండవదైన చివరి సంపుటము 1928లో వెలువడినవి. మొదటి మూడు సంపుటాలకు ఫ్రెడరిక్ ప్రైస్, కె. రంగాచారి సంపాదకులు. తక్కిన వాటిని మద్రాసు రికార్డు ఆఫీసు క్యూరేటరు హెన్రీ డాడ్వెల్ పరిష్కరించాడు. రికార్డు ఆఫీసులోని కంపెనీ కాగితాలను ఒక ప్రక్క, పిళ్ళై వ్రాతలను మరొక ప్రక్క పెట్టుకొని చదవగలిగిన అవకాశము డాడ్వెల్ కు దక్కింది. డూప్లే, క్లైవులపై 1920లో ఆయన ప్రకటించిన గ్రంథము ఆ చదువు ఫలితమే. ఎగ్మూరులోని ఆ రికార్డు ఆఫీసే ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్.

పండ్రెండు సంపుటాలలో సగము వరకు 1746 - 1751 మధ్య సంవత్సరాలకే సరిపోయింది. మిగిలిన కాలములో పెద్ద పెద్ద ఖాళీలు ఉన్నాయి. కొన్ని పుస్తకాలు నకలు తీయకముందే పోయాయి. కొన్నింటికి నకళ్ళు తప్ప మూలము లేదు. నకలు వ్రాసినవారు చదవలేక వదలిన మాటలు, పొరపాటుగా చదివిన పేర్లు ఉండడం వలన ఒక ప్రతిని మరొక ప్రతితో సరిచూచుకోవలసి వస్తుంది. ఆంగ్లానువాదములో కూడ వ్యాపారానికి, ఇంటికి సంబంధించిన కొన్ని భాగాలను సంక్షేపించారు. తమిళ మూలం అచ్చులోకి రావడము ఇంకా ఆలస్యమైనది. 1948 నుంచి పుదుచ్చేరిలో ఆ ప్రచురణ ఆరంభమయింది. ఆంగ్లములో పుస్తకం పూర్తయిన ఇరవై ఏండ్లకు గాని ఆయన వ్రాసిన భాషలో అది మొదలు కాకపోవడము విచారకరము.

దినచర్య వ్రాసే అలవాటు ఆయనతో ఆగిపోలేదు. తమ్ముని కుమారుడు తిరువెంగడ పిళ్ళై 1761 తరువాత కొంతకాలం వ్రాశాడు. ఆ వంశములోని మరొకరు ఆ శతాబ్దాంతములో వ్రాసిన పుటలు దొరికాయి. పుదుచ్చేరి పోలీసు ఉద్యోగి అయిన రెండవ వీరానాయకర్ వ్రాసిన 1778 - 1792 నాటి దినచర్య కూడ ప్రచురింపబడినది.

పుదుచ్చేరిలో ఆనంద రంగ పిళ్ళై భవనము ఆయన పేరుతోనే ఉన్న వీధిలో నిలిచి ఉన్నది. 1738లో కట్టినదని చెప్పబడే ఈ ఇంటిలో చెక్కడపు పని గల టేకు స్తంభాలు, ఫ్రెంచి పద్ధతి నిలువు కంబాలు రెండూ కనిపిస్తాయి. తమిళ రచయిత ప్రపంచన్ ఆయన కాలాన్ని ఆధారముగా చేసికొని రెండు నవలలు వ్రాశాడు. వాటిలో వానం వసప్పడుం అనేదానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించింది.